మూడో గేటు దాటిన గుర్రపు జీను

పెంటయ్య చేతికి పెన్ను ఇచ్చినవాణ్ణి ముందు తన్నాలని ఎల్లేశం ఇప్పటికీ అంటాడు. మాదాపూర్‌లో ఓ అద్దాల ఆఫీసుకు మూడో గేటు కాపలా పెంటయ్య. అదే ఆఫీసుకు సొంత కారు పెట్టి నడిపే డ్రైవరు ఎల్లేశం.

ఎల్లేశానికి ఒకటే పిచ్చి. వెనకటి రోజుల్లో సొంత గుర్రాల మీద సరిహద్దు కాపలాకు కదిలిన గుర్రపు సవార్ల సామాను పోగు చేస్తాడు. "జీతం సర్కారుది. గుర్రం సొంతం, కత్తి సొంతం, గడ్డి గూడ సొంతం. గుర్రం సస్తే నౌకరి ఖతం. అచ్చం మా క్యాబులోళ్ల లెక్కనే!" అంటాడు. పన్నెండేళ్లు తిరిగి మూడు సంపాదించాడు: వంపు కత్తి, తొమ్మిదడుగుల బల్లెం, తోలు జీను. వెనకటి సవారు ఎవరివో తొడలు రాసుకున్న చోట జీను అద్దంలా నున్నగా ఉంటుంది. దాన్ని తాకేముందు ఎల్లేశం చెప్పులు విప్పుతాడు.

ఆ శుక్రవారం ఆఫీసులో పాత వస్తువుల ప్రదర్శన. హెచ్.ఆర్. యశస్విని మేడం అతనికో బల్ల, దాని మీద "సేకరణ: ఎల్లేశం" అన్న కార్డు పెట్టిస్తానంది. పన్నెండేళ్లుగా "తుక్కు ఏరుకునేటోడు" అంటున్న భార్య నీలమ్మకు ఆ కార్డు ఫోటో పంపాలి. అతనికి కావలసింది అంతే.

పొద్దున ఎనిమిదింటికి పెంటయ్య గేటు పాసుల పుస్తకం తెరిచాడు.

"ఏం రాయాలె అన్నా? ఇందుల ఆయుధం అని గడి లేదు. రాస్తే పోలీసులొస్తరు."

"ఏదో ఒకటి రాయి తమ్మీ, జర జల్ది."

పెంటయ్య మంచివాడు, అదే తంటా. కత్తికి "క్యాంటీన్ సామాను", జీనుకు "కుర్చీ", బల్లేనికి "బూజు కర్ర" అని రాశాడు. కింద రెండు గడులుంటే, చేతికి దగ్గరున్న దాంట్లో టిక్కు కొట్టి సంతకం పెట్టాడు. ఎల్లేశం కారు నిలిపి వచ్చేసరికి ఏ సామాను ఎక్కడిదని రాసుందో అక్కడికి వెళ్లిపోయింది.

క్యాంటీన్‌లో వంట మహేందర్ ఆ కత్తితో బీట్‌రూట్లు నరుకుతున్నాడు.

"ఏం కత్తన్నా! ఒక్క ఏటుకు నాలుగు తెగుతున్నయ్. గిసువంటిది ఇంకోటి దొరుకుతదా?"

ఎల్లేశం కత్తి లాక్కున్నాడు. అయినా ఆ కోత చూసి లోలోపల మురిసిపోయాడు. ఎప్పటి ఇనుమో, ఏం పదును! కడిగే తీరిక లేక అలాగే పట్టుకుని, జీనును వెతుకుతూ లిఫ్టు ఎక్కాడు. ఎర్రగా కారుతున్న కత్తిని చూసి లోపలున్న ఆరుగురూ మర్యాదగా దిగిపోయారు. ఏడో వాడు ఎక్కడినుంచో సైరన్ నొక్కాడు.

నాలుగో అంతస్తు మొత్తం మెట్ల మీద పడి పారిపోయింది. ఓంకార్ అనే టీమ్ లీడరు ఒక్కడే బల్ల మీద జీను వేసుకుని దర్జాగా కూర్చున్నాడు.

"దిగు సారూ, అది నాది!"

"సారీ అండి. ఆర్నెల్ల నడుం నొప్పి అరగంటలో పోయింది. నరికినా లేవను."

ఎల్లేశం అతన్ని, జీనును కలిపే కిందికి మోశాడు. లాబీలో గార్డులు చుట్టుముట్టారు. బల్లెం కొనకు చీపురు కట్టి బూజు దులుపుతున్న స్వీపరు భూలక్ష్మి గిర్రున తిరిగింది.

"ఎల్లేశమన్న మీద చెయ్యేస్తే పొడుస్త బిడ్డా!"

గార్డులు నాలుగడుగులు వెనక్కి తగ్గారు. తొమ్మిదడుగుల బల్లెం ఎందుకు పట్టేవాళ్లో ఎల్లేశానికి అప్పుడు బాగా అర్థమైంది.

కంపెనీ పెద్దసారు వచ్చాడు. ఎల్లేశం ఆయన వెంట బయటికి వచ్చి సవార్ల కథంతా చెప్పాడు. సైరన్ విని బయటికొచ్చి పచ్చిక మీద నిలబడ్డ రెండువేల మందీ చప్పట్లు కొట్టారు. పెద్దసారు కళ్లు తుడుచుకున్నాడు.

"ఇగ ఇంటికి తీస్కపోత సార్," అన్నాడు ఎల్లేశం.

యశస్విని పాసు తిరగేసి చూసింది. "కుదరదండీ. నాన్ రిటర్నబుల్ అని టిక్కు ఉంది. లోపలికి వచ్చిందంటే ఇక కంపెనీదే."

మర్నాడు మూడింటినీ లాబీలో గాజు పెట్టెలో పెట్టారు. పాసు మీద సంతకం ఎవరిదైతే కార్డు మీద పేరూ వాళ్లదే: "సేకరణ: పెంటయ్య, మూడో గేటు." ఆ ఫోటో చూసి నీలమ్మ జవాబు పంపింది: "సూడు, పెంటయ్యన్నకు ఎంత పేరొచ్చిందో. నువ్వూ ఉన్నవు."

ఆ మూడింటి కోసం శంకర్‌పల్లిలో అమ్మేసిన జాగా సంగతి నీలమ్మకు ఇంకా తెలియదు. నూట ఇరవై ఒక్క గజాలు.