మంచు మరిది కారుకి చల్లగాలి పెట్టిన కథ

ఇటు రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి. కారున్నవాళ్లు ముందు వరసలో కూర్చోండి, లేనివాళ్లు వెనక కూర్చుని నవ్వుకోండి. ఇవాళ మా మరిది సంగతి చెబుతాను.

మా మరిదిది ఫ్రిజ్‌లు బాగుచేసే పని. ముప్పై ఏళ్లుగా ఎవరింట్లో నీళ్ల సీసా చల్లబడకపోయినా ఆయనకే కబురు. అందుకే ఇంటిల్లిపాదీ ఆయన్ని మంచు మరిది అంటాం. ఆయనకి మామయ్య వరసయ్యే పెద్దాయన కూడా అలాగే పిలుస్తాడు, వరసలు ఎవరికి పట్టాయి! పని మంచిదే గానీ, దానివల్ల ఆయనకొక జబ్బు పట్టుకుంది. లోకంలో ఏ కష్టానికైనా మందు చల్లదనమే అనుకుంటాడు. తలనొప్పా, ఐసు పెట్టు. కోపమా, ఐసునీళ్లు తాగు. కుర్చీ కిర్రుమంటోందా, ఓ గంట ఏసీ గదిలో ఉంచి చూడు.

ఆయన భార్య, అంటే నా తోడికోడలు, పూలకొట్టు నడుపుతుంది. సభలకీ విందులకీ హాళ్లు అలంకరిస్తుంది. మాట తక్కువ. ఆ ఆడే కాసిని మాటలకీ, చేతిలో కత్తెరకీ ఒకటే పదును.

వాళ్లకొక పాత కారుంది. దానికి మా పిల్లలు పెట్టిన పేరు ఉబ్బసం. చదునైన రోడ్డు మీద బుద్ధిగా నడుస్తుంది. కాస్త ఎత్తు కనిపించిందా, ఇక ఆయాసమే ఆయాసం.

ఒకసారి కొండమీది హాలుకి పూలు తీసుకెళ్తుంటే మూడో మలుపులో ఉబ్బసం ఆగిపోయింది. ముప్పావుగంట మండుటెండలో నిలబడ్డారు. పైకి చేరేసరికి గులాబీలన్నీ తలలు వేలాడేశాయి. ఆ హాలు చూసుకునే ఆవిడ, అందరూ కళ్లజోడు మేడం అంటారులెండి, కళ్లజోడు కిందికి జార్చి పూలవంక చూసింది.

"ఏమ్మా, పూలు వచ్చేవాళ్లందరికీ వంగి దండాలు పెడుతున్నాయి?"

నా తోడికోడలు వేలాడుతున్న గులాబీనొకదాన్ని వేలితో పైకెత్తబోయింది.

"వచ్చే నెల డాక్టర్ల సభ ఉంది. పదింటికల్లా పూలు తలెత్తుకుని రావాలి. ఈసారి కూడా ఇలాగే అయితే నేను ఇంకొకళ్లని చూసుకుంటాను, తర్వాత నన్ను అనకు."

తిరిగొచ్చే దారంతా నా తోడికోడలు ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బావుండేది. మా మరిది ఆ మౌనం పక్కన కూర్చుని కారు నడిపి ఇల్లు చేరేసరికి సగమయ్యాడు. ఆ హాలే ఆవిడ కొట్టుకి పెద్ద దిక్కు. అది పోతే తన కారువల్లే పోయినట్టు.

సరిగ్గా అప్పుడే ఒక కారు పిచ్చాయన ఇంట్లో ఫ్రిజ్ చెడిపోయింది. ఆయన మా మరిది పనిచేస్తున్నంతసేపూ పక్కన నిలబడి కార్ల గురించే మాట్లాడాడు.

"ఇంజను కూడా మనలాగే ఊపిరి పీలుస్తుందండీ. బానెట్ కింద ఉడికిపోయిన గాలి కాకుండా, ముందునుంచి ఓ గొట్టంతో బయటి చల్లగాలి అందించారనుకోండి, కాస్త బలంగా లాగుతుంది."

చల్లగాలి! ఆ మాట తర్వాత ఆయనేం చెప్పాడో మా మరిదికి వినబడలేదు. బయటి గాలి అన్నాడు పాపం ఆయన. మా మరిదికి 'బయటి' అన్నది నచ్చలేదు. బయట గాలికి చల్లదనం ఎక్కడుంది? చల్లదనం గురించి తనకొకరు చెప్పాలా? గాలి వెళ్లే దారిలో ఐసే పెట్టేస్తే పోలా!

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా పని మొదలెట్టాడు. ఇంట్లో చెత్త లాగే మిషనుంటుంది చూడండి, దాని గొట్టం ఊడబీకాడు. ఒక చచ్చిపోయిన ఫ్రిజ్‌లోంచి ఐసు పెట్టుకునే రేకు అర తీసి, రెండుపక్కలా కన్నాలు పెట్టి, బ్యాటరీ పక్కన ఇరికించాడు. గొట్టం ఒక ముక్క కారు మూతిదాకా, ఇంకో ముక్క ఇంజను గొంతుదాకా. కారుతో వచ్చిన పాత గాలిడబ్బాని విప్పి డిక్కీలో పడేశాడు.

అంతా అయ్యాక దుమ్ము సంగతి గుర్తొచ్చింది. గాలి వడకట్టాలిగా. అటూ ఇటూ చూస్తే, పెళ్లాం పూలకాడలు గుచ్చే పచ్చ స్పాంజి ఇటుకలు కనిపించాయి. ఒకటి తీసి, ఇనుపచువ్వతో తూట్లు పొడిచి, గొట్టంలో దూర్చాడు. అతికినట్టు సరిపోయింది. తన తెలివికి తనే మురిసి, చేతులు దులుపుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పిలుపొచ్చింది.

"ఏవండీ, ఇల్లు ఊడ్చే మిషను గొట్టం కనబడదేం?"

"రిపేరుకిచ్చా."

"రిపేర్లు చేసేది మీరేగా?"

"అదే, నాకే ఇచ్చుకున్నా."

"ఎప్పుడిస్తానన్నారు మీరు?"

"నాకు చాలా పనులున్నాయోయ్. వరసలో రావాలి."

రెండ్రోజులకి మళ్లీ.

"ఫ్రిజ్‌లో ఐసు ముక్కలన్నీ ఏమయ్యాయండీ?"

"కరిగిపోయాయి."

"ఫ్రిజ్‌లోనా?"

ముప్పై ఏళ్ల పేరు ఒక్క మాటతో పోయేటట్టుంది.

"అప్పుడప్పుడూ కరుగుతాయి. ఐసు అలిసిపోతుంది."

"పాపం," అంది ఆవిడ. "మరి నా స్పాంజి ఇటుక కూడా అలిసిపోయిందా?"

"నీ స్పాంజి జోలికి నేనెందుకు వస్తానోయ్! లెక్క తప్పావేమో చూసుకో."

ఆవిడ మళ్లీ అడగలేదు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాడు. పెళ్లయి పాతికేళ్లయినా, ఆవిడ అడగడం మానేస్తే దానర్థమేమిటో ఆయనకి ఇంకా తెలియలేదు.

డాక్టర్ల సభ రోజు వచ్చింది. ఆవిడ తెల్లవారకముందే కొట్టుకి వెళ్లింది. మా మరిదికి అదీ మంచిదే అయింది. రేకు అర నిండా ఐసు కుక్కి, బానెట్ మూసి, ఏమీ ఎరగనట్టు కొట్టు దగ్గరికి కారు తీసుకెళ్లాడు. తడిగుడ్డలు కప్పిన బకెట్లు ఆరు గుమ్మంలో సిద్ధంగా ఉన్నాయి.

"నేనెక్కిస్తా," అని ముందుకొచ్చాడు.

"వద్దు, మీరు చెయ్యేస్తే రేకులు నలుగుతాయి. నేనే పెట్టుకుంటా."

బకెట్లు ఎక్కాయి. ఆవిడ ఎక్కింది. తొమ్మిదింబావుకి బయల్దేరారు.

చదునైన రోడ్డు మీద ఉబ్బసం రివ్వున పోయింది. రోజూ అలాగే పోతుందనుకోండి. కానీ ఆయన కళ్లకి ఇవాళ అది గుర్రం.

"ఏమోయ్, ఏమన్నా తేడా తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"ఏంటి?"

"మీరు ఈలేస్తున్నారు."

మొదటి మలుపు ఎక్కింది. రెండో మలుపూ ఎక్కింది. మా మరిది ఛాతీ స్టీరింగుకి తగిలేంత పొంగింది. ఇప్పుడు చెప్పెయ్యనా, పైకెళ్లాక కళ్లజోడు మేడం ముందు చెప్పనా అని ఆలోచిస్తున్నాడు.

ఇక్కడ బానెట్ కింద జరుగుతున్నది వేరు. ఎండకి ఐసు కరిగింది. కారు ముక్కు పైకి లేచేసరికి ఆ నీళ్లన్నీ వెనక్కి, స్పాంజి వైపు జారాయి. ఆ స్పాంజి పుట్టిందే నీళ్లు తాగడానికి. పొట్ట నిండా తాగింది. ఉబ్బింది. మెత్తబడింది. ఇంజను గట్టిగా ఒక్క ఊపిరి పీల్చేసరికి పచ్చటి ముద్దై దాని గొంతుకి అడ్డం పడింది.

మూడో మలుపులో ఉబ్బసం రెండుసార్లు దగ్గి, ఒకసారి ఎక్కిళ్లు పెట్టి, ఆగిపోయింది. పోయిన నెల ఆగినచోటే. ఇంకో జానెడు ముందుకి కూడా పోలేదు.

మా మరిది దిగి బానెట్ ఎత్తాడు. లోపల పచ్చగా, చిత్తడిగా ఉంది. మళ్లీ దించేశాడు. టైం తొమ్మిది ముప్పావు. ఎండ చురుక్కుమంటోంది.

"ఏమైందండీ?" అంది ఆవిడ, లోపలే కూర్చుని.

ఆయన ముఖం చూడాలి. అబద్ధం కోసం నోరు తెరిచాడు గానీ ఒక్కటీ తట్టలేదు.

"గొట్టం నేనే తీశానోయ్. ఐసు నేనే తీశా. స్పాంజీ నేనే. ఇంజనుకి చల్లగాలి పెడదామనుకున్నా. నీ పూలు వాడిపోకుండా పైకి చేర్చాలని... ఇంకో పావుగంటలో మొత్తం పోతాయి. హాలూ పోతుంది. అంతా నా మూలానే."

"ముందు ఆ చెమట తుడుచుకోండి. విషయం ఏంటంటే..."

ఎక్కడ విన్నాడు! వెనక తలుపు లాగి, చేతికో బకెట్ పట్టుకుని, కొండెక్కడం మొదలెట్టాడు.

"ఏవండీ! ఆగండి! ఎక్కడికి?"

"రెండు బకెట్లయినా కాపాడతానోయ్!"

ఆయన వయసు యాభై రెండు. పొట్ట ఆయనకంటే ఒక అడుగు ముందు నడుస్తుంది. అయినా చూడాలి ఆ పరుగు. బకెట్లు మోకాళ్లకి కొట్టుకుంటున్నాయి, చెప్పొకటి జారిపోయింది, దానికోసం వెనక్కి తిరగలేదు. నాలుగో మలుపు దాటేసరికి మా మరిదికే ఉబ్బసం పట్టుకుంది. ఐదో మలుపు మొదట్లో, పైనుంచి పాలవ్యాను దిగుతూ ఎదురొచ్చి, ఆయన్ని చూసి ఆగింది. పాలవ్యానాయన తల బయటికి పెట్టాడు.

"బావగారూ! ఈ చెత్తంతా కొండమీదికి మోసుకెళ్తున్నారేంటి?"

"చెత్తేంటయ్యా! పూలు! తప్పుకో!"

"పూలు ఎప్పుడో పైకెళ్లిపోయాయిగా. పొద్దున మీ ఆవిడ ఎక్కిస్తే ఎనిమిదింటికే నేను దించి, పైన పాలు పోసి వస్తున్నా. ఈ బకెట్లు నింపేటప్పుడూ అక్కడే ఉన్నాగా."

మా మరిది బకెట్లు కింద పెట్టాడు. తడిగుడ్డ తీశాడు. నిండా తెగ్గోసిన కాడలు, ముళ్లు, వాడిన ఆకులు. రెండో బకెట్ మీద గుడ్డ తీశాడు. అందులోనూ అవే. ఇంకాస్త శ్రద్ధగా కుక్కి ఉన్నాయి, అంతే.

వ్యానెక్కి కిందికొచ్చాడు, చెత్త బకెట్లు ఒళ్లో పెట్టుకుని. ఆవిడ రోడ్డు పక్క రాతి మీద కూర్చుని కమలాపండు ఒలుచుకుంటోంది. పక్కన ఆయన చెప్పు కూడా ఉంది, తెచ్చి పెట్టింది.

"నీకు తెలుసా?"

"ఇంట్లో గొట్టం, ఐసు, స్పాంజి ఒకే వారంలో మాయమైతే, ఎక్కడెక్కడో ఎందుకు వెతుకుతానండీ? బానెట్ ఎత్తి చూశా."

"చూసి, ఆపలేదేం?"

"ఆపితే పదేళ్లు సాధించేవారు. నువ్వు ఆపబట్టి గానీ, లేకపోతే ఉబ్బసం విమానంలా ఎగిరేదని. పదేళ్లు వినేకంటే ఒక పూట కొండ మీద కూర్చోవడం హాయి కదా."

"ఐతే ఈ కాడలెందుకు?"

"బరువు లేకుండా తేలిగ్గా ఎక్కితే, గెలిచింది మీ గొట్టమే అనేవారుగా."

మా మరిది ఆవిడ పక్కన కూలబడ్డాడు. ఆవిడ రెండు తొనలు చేతిలో పెట్టింది. కాసేపు నమిలి, గొంతు తగ్గించి అడిగాడు.

"వ్యానులో పూలు వాడలేదు కదా?"

"ఎందుకు వాడతాయి? ఆ వ్యానులో చల్లపెట్టె పోయినేడు బాగుచేసింది మీరే. మీరు బాగుచేసిన ఫ్రిజ్ మీద నాకు ఎప్పుడూ నమ్మకమేనండీ. మీరు బాగుచేసిన కారు మీదే లేదు."

ఈలోగా పాలవ్యానాయన బానెట్ ఎత్తి, ఓ చెంబుడు పచ్చ ముద్ద చేత్తో తోడి రోడ్డు పక్కన పారబోశాడు. డిక్కీలోంచి పాత గాలిడబ్బా తెచ్చి మూత విప్పాడు. లోపలున్న గాలి వడకట్టే ఫిల్టరు పట్టుకుని రాతికేసి నాలుగు బాదులు బాదాడు. దుమ్ము లేచింది చూడండి, ముగ్గురూ ఒకరికొకరు కనబడలేదు!

"బావగారూ, దీన్నెప్పుడు దులిపారు?"

"దాన్ని దులపాలా?"

ఆ దుమ్ములోంచి నా తోడికోడలు దగ్గు వినిపించింది. అది దగ్గు కాదు, నవ్వాపుకోవడం అని మా మరిది ఇప్పటికీ అంటాడు.

డబ్బా బిగించి తాళం తిప్పగానే కారు లేచింది. ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. ఈయన మారుమాట్లాడకుండా పక్కన కూర్చున్నాడు. ఉబ్బసం ఒక్క దగ్గూ లేకుండా కొండెక్కింది. ఆరు బకెట్ల చెత్తతో సహా.

పైన హాల్లో గులాబీలు తలలెత్తుకుని, ఇప్పుడే నిద్రలేచినట్టున్నాయి. కళ్లజోడు మేడం ఎదురొచ్చింది.

"ఏమ్మా, ఈసారి ఎంత తాజాగా ఉన్నాయి! ఇక ఏడాదంతా నువ్వే చూసుకో. ఇంతకీ ఏం మంత్రం వేశావు?"

మా మరిది నేలచూపులు చూస్తున్నాడు. నా తోడికోడలు ఆయనవంక చూసి, ఏం తోచిందో ఏమో,

"అంతా మా ఆయన చల్లదనం ఏర్పాటండీ," అంది.

అబద్ధమూ కాదు. మా మరిది తల కాస్త లేచింది. ఇంకాస్త లేచింది. అంతలో కళ్లజోడు మేడం చేతులు జోడించింది.

"బాబ్బాబు, పోయిన నెల ఆగిన మీ కారు ఇవాళ ఎక్కింది దానివల్లేనన్నమాట! మా కారు కూడా ఈ కొండ ఎక్కలేక చస్తోంది. మీ ఏర్పాటేదో మాకూ పెట్టిపెట్టండి, పుణ్యముంటుంది."

"దానికేం భాగ్యమండీ," అంది నా తోడికోడలు తాపీగా. "ఇవాళే పెడతారు. స్పాంజి నా దగ్గర ఇంకో ఇటుక ఉంది."

మా మరిది భార్యవంక చూశాడు. ఆవిడ పూలు సర్దుకుంటోంది. డాక్టర్లందరూ వింటున్నారు. చివరికి రెండు చేతులూ ఎత్తేశాడు.

"అమ్మా, నాకు ఫ్రిజ్‌లే వచ్చు. మీ కారు ఫిల్టరు ఒకసారి విప్పి దులిపించండి. మాది ఇప్పుడే రోడ్డు మీద దులిపించుకుని వస్తున్నాం."

అదర్రా సంగతి. ఇది మీరు గుర్తుపెట్టుకుని మీ పిల్లలకీ చెప్పండి, మీ పక్కింటివాళ్లకీ చెప్పండి. చెప్పేటప్పుడు మూడో మలుపు కాస్త నెమ్మదిగా చెప్పండి, నవ్వంతా అక్కడే ఉంది. బకెట్లు పట్టుకుని పరిగెత్తిన ముక్క మాత్రం వదలకండి. ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ నవ్వుతారు గానీ, ఆ ముక్క దగ్గర నా తోడికోడలు నవ్వదు. లేచి వెళ్లి ఆయనకి కాఫీ తెస్తుంది.