కావడి మోసుకుని దోసెకు

1978లో, జూన్ నెల శనివారం ఒకటి. పొద్దున్నే మణవాళనగర్‌లో తన ఇంటి అద్దం ముందు నిలబడి ఆదిమూలం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది గంటల ప్యాసింజరు ఎక్కాలి, పదకొండుకు తిరుత్తణి స్టేషను ఎదుటి హోటల్లో చంద్రావతితో కలిసి ఒక దోసె తినాలి, సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందో అతనికి తోచలేదు.

ఇద్దరూ ఎనిమిది నెలలుగా ఒకే లోకల్ రైల్లో పోతున్నారు. అతను పట్టాభిరాంలో దిగిపోయే ఫిట్టరు, ఆమె మద్రాసు దాకా వెళ్లే టైపిస్టు. ఇన్నాళ్లూ మాట్లాడుకున్నదంతా రాస్తే ఒక పోస్టుకార్డు కూడా నిండదు. అలాంటిది గురువారం ఆమే నోరు తెరిచింది.

"ఆదివారం నన్ను చూసేదానికి అరక్కోణం వాళ్లు వస్తావుండారు. శనివారం నేను తిరుత్తణిలో మా అత్త ఇంటికి పోతా. పదకొండుకు స్టేషన్ హోటలుకు రాండి. మీరొస్తే మా నాయినకు వద్దని చెప్పే ధైర్యం నాకొస్తాది. రాకపోతే తల ఊపేస్తా."

ఆమె తండ్రి పచ్చయ్యప్ప తాలూకాఫీసు గుమాస్తా. రోజూ కూతుర్ని రైలెక్కించడానికి ప్లాట్‌ఫారం దాకా వచ్చేవాడు. కిటికీలోంచి కనిపించే ఆదిమూలం జుట్టు ఆయనకు గిట్టదు. "ఆ క్రాపోడు ఉండే పెట్టె ఎక్కొద్దు" అని కూతురికి గట్టిగా చెప్పాడు. నిజానికి ఆ క్రాపును నిలబెట్టడానికి ఆదిమూలానికి రోజూ అరగంట, రెండు చెంచాల నూనె ఖర్చయ్యేవి.

దువ్వెన జేబులో పెట్టుకుంటుండగా తల్లి కుప్పమ్మ గుమ్మంలోకి వచ్చింది. "యాడికిరా, ఇంత సోకు చేస్తావుండావు?"

"తిరుత్తణికమ్మా. సామిని చూసేదానికి."

ఆ ఒక్క అబద్ధంతో వచ్చింది తంటా అంతా. ఐదో ఏట జ్వరంతో కన్ను తెరవని కొడుకు కోసం, తలనీలాలిచ్చి కావడి మోయిస్తానని కుప్పమ్మ మొక్కుకుంది. ఇరవై ఏళ్లుగా కొడుకు తప్పించుకు తిరుగుతున్నాడు.

"ఈ దినం సామికి ఇష్టమైన కృత్తికరా నాయినా! నేను అడక్కుండానే సామి నిన్ను పిలిచినాడు!" అంటూ ఆమె బొటబొటా కన్నీళ్లు కార్చింది. ఆ కన్నీళ్ల ముందు దోసె సంగతి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. పది నిమిషాల్లో ఆమె తమ్ముడు నాగలింగం పసుపు పంచె, నెమలీకల కావడి పట్టుకుని దిగాడు. "ఒక్కడివే ఏం పోతావు అల్లుడూ, నేనూ వస్తా."

కొండ కింద మంగలి ముందు కూర్చున్నప్పుడు ఆదిమూలం ఆఖరి ప్రయత్నం చేశాడు. "మామా, వెనక తట్టు మాత్రం తీస్తే చాలదా?"

"సామికి సగం మొక్కు యాడైనా ఉండాదా? వంచు తల!"

పదిన్నరకల్లా క్రాపు పోయింది. గుండుకు చందనం, ఒంటికి పసుపు పంచె, భుజాన కావడి వచ్చాయి. కొండెక్కి అప్పజెప్పేదాకా కావడి కింద దించకూడదు, మెతుకు ముట్టకూడదు. కొండ ఒక దిక్కు, స్టేషను ఒక దిక్కు. మెట్ల ముందు ఆదిమూలం ఒక్క క్షణం ఆగాడు. అరక్కోణం వాళ్ల ముందు చంద్రావతి తల ఊపుతున్నట్టు కళ్లకు కట్టింది. దోసె తినలేకపోయినా సరే, కనబడి తీరాల్సిందే అనుకున్నాడు. గిర్రున వెనక్కి తిరిగి స్టేషను వైపు పరుగు తీశాడు.

"అల్లుడూ, మెట్లు ఇటురా!" అని అరిచిన నాగలింగానికి ఆ మరుక్షణమే ఒళ్లు జలదరించింది. "అయ్యో, పిల్లోడి మీదికి సామి వచ్చినాడు! దోవ ఇడవండి! అరోహరా!"

దోవ వదిలారు, వదిలి వెంటపడ్డారు. సందు మలుపులో ఒక పంబ వాయించేవాడు కలిశాడు. హోటలు చేరేసరికి వెనక నలభైమంది ఉన్నారు.

చంద్రావతి లోపల రెండో బల్ల దగ్గరే ఉంది, పక్కన పచ్చయ్యప్ప! అత్త ఇంటికి పోతానని ఆమె చెబితే, సంబంధం కుదరాలని సామికి మొక్కుకుంటానంటూ ఆయనా వెంట వచ్చాడట. ఆమె వాకిలి వైపు చూసింది. క్రాపు కోసం వెతికింది. గుండు కనిపించింది. నిట్టూర్చి మళ్లీ గడియారం వైపు తిరిగింది. అయినా ఆదిమూలం ఆగకుండా నేరుగా ఆ బల్ల దగ్గరికే నడిచాడు.

తమనే వెతుక్కుంటూ వచ్చిన కావడిని చూసి పచ్చయ్యప్ప గడగడలాడుతూ లేచాడు. చెంబెడు నీళ్లతో ఆ కాళ్లు కడిగి, సాష్టాంగపడ్డాడు. "సామీ! రేపు అరక్కోణం వాళ్లు వస్తారు. నా బిడ్డకు ఆ సంబంధం కుదురుతాదా? నోరు తెరిచి చెప్పు సామీ!"

కుదరదు అంటే చాలు, పని అయిపోతుంది. ఆ మాట ఆదిమూలం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పొద్దుట్నించీ ఒక్క అబద్ధం చేసిన నిర్వాకం చూశాక, భుజాన కావడి పెట్టుకుని రెండోది ఆడడానికి అతనికి మనసొప్పలేదు.

"నాకు సామి రాలేదయ్యా. నేనే వచ్చినాను. నా పేరు ఆదిమూలం, పట్టాభిరాంలో ఫిట్టరు. మీ బిడ్డతో దోసె తినేదానికి వచ్చినాను. ఆ పిల్లంటే నాకు పానం. ఇస్తే పెండ్లి చేసుకుంటా."

పంబ ఆగిపోయింది. గొంతు గుర్తుపట్టిన చంద్రావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేల మీదినుంచే తలెత్తిన పచ్చయ్యప్పకూ విషయం అర్థమైంది. చుట్టూ చూశాడు. నలభైమందిలో ఇద్దరు తన ఆఫీసువాళ్లే. ఎదుట ఉన్నది క్రాపోడని ఒప్పుకుంటే, తాలూకాఫీసు గుమాస్తా ఒక ఫిట్టరు కాళ్ల మీద పడ్డట్టు లెక్క. సామి అయితే ఏ చిక్కూ లేదు. పడుకునే నిర్ణయించుకున్నాడు.

"విన్నారా! అల్లుడి పేరు, ఊరు, ఉద్యోగంతో సహా చెప్పినాడు సామి! అరోహరా!"

"అయ్యా, కాదు, నేను నిజంగానే..."

"నోరు మూయ్ అబ్బాయ్! సామి మాట్లాడేటప్పుడు నువ్వెందుకు అడ్డం వస్తావు?" అని కసిరాడు పచ్చయ్యప్ప.

జనం చెంపలు వేసుకున్నారు. ఆ గోలలో చంద్రావతి దగ్గరికొచ్చి మెల్లగా అంది. "కొండెక్కి రాండి. నేను యాడికీ పోను."

ఆ మెట్లు ఆదిమూలం ఎట్లా ఎక్కాడో అతనికే తెలియదు. మధ్యాహ్నం రెండింటికి దోసె తిన్నారు, ఒక పక్క నాగలింగం, ఇంకో పక్క పచ్చయ్యప్ప కూర్చుని ఉండగా. "చట్నీ?" అని అతనడిగాడు, "చాలు" అని ఆమె అంది. అంతకుమించి మాటలు లేవు. పెళ్లయి పదేళ్లు దాటినా, అంత రుచిగల దోసె మళ్లీ తినలేదని ఆదిమూలం అంటూ ఉంటాడు, చంద్రావతి నవ్వుతుంది.

పెళ్లి రెండు నెలలకే, శ్రావణం దాటకుండా అరవవాళ్ల ఆవణి నెలలో జరిగింది. కన్యాదానం వేళ అల్లుడి కాళ్లు కడగమని పురోహితుడు చెంబు అందిస్తే, "ఆ పని తిరుత్తణిలోనే అయిపోయింది, తర్వాతిది కానీండి" అన్నాడు పచ్చయ్యప్ప.