ఆరో కమిషన్‌కు జేజేలు!

నిజం ఆలస్యంగా తెలియడం ఆరోగ్యానికి మంచిదండీ! అసలు తెలియకపోతే మరీ మంచిది!

నవ్వకండి, మా మేనత్తే సాక్ష్యం. ముప్పై ఒక్కేళ్ల కిందట, ఆ గొడవల రోజుల్లో, ప్రెస్సులో అక్షరాలు కూర్చే మా బావ ఇంట్లో గడ్డం గీసుకుంటుంటే నలుగురు జీపులో వచ్చి తీసుకెళ్లారు. అప్పటికి సగమే గీశాడు. మళ్లీ రాలేదు. చనిపోయాడని పదేళ్లకు ఒక కాగితం వచ్చింది. ఎక్కడ పూడ్చారో అందులో లేదు. అత్తయ్య అడిగేది ఆ ఒక్కటే.

చెప్పేస్తే పోలేదా అంటారా? ఎంత మాట! నిజమేమైనా చొక్కానా, కొలతలిచ్చిన వారానికి కుట్టివ్వడానికి? అబద్ధమైతే ఆ సాయంత్రానికే రెడీ: "విచారించి అప్పుడే వదిలేశామండీ!" నాణ్యమైన సరుక్కి టైం పడుతుంది. నిజం నిలకడ మీద తెలుస్తుందన్నారు పెద్దలు. ఆ నిలకడనే మన ప్రభుత్వాలు కంటికి రెప్పలా కాపాడుతున్నాయి!

ఐదు కమిషన్లు వేశారండీ! ప్రతిసారీ కొత్త బోర్డు, కొత్త ఛైర్మన్, కొత్త టేబుల్ క్లాత్. ప్రతిసారీ "మొదట్నుంచీ చెప్పండమ్మా!" ఒకప్పుడు నోరు పెగలని అత్తయ్య ఇప్పుడు మైకు సరిచేసుకుని మరీ అందుకుంటుంది. ఎనభై రెండేళ్ల మనిషికి ఇంతకన్నా కాలక్షేపం ఏం కావాలి?

వాళ్ల పట్టుదల చూడండి! గడ్డం కుడివైపు గీశాడని రెండో కమిషన్ రాసుకుంది, ఎడమవైపని మూడోది. నాలుగోది ఏడాదంతా ఆ చెంప మీదే కూర్చుంది. అద్దంలో కుడి ఎడమవుతుందని ఒక నిపుణుడు అరవై పేజీలు రాసిచ్చాడు. ఐదోది కౌన్సెలర్‌ను పెట్టింది.

"గట్టిగా ఊపిరి పీల్చండమ్మా, మనసు తేలికవుతుంది" అంది ఆ అమ్మాయి.

"ఊపిరిదేముందమ్మా, రోజూ పీలుస్తూనే ఉన్నా. మా వాడెక్కడున్నాడో చెప్పు" అంది అత్తయ్య.

ఫైల్లో 'మెరుగుదల కనిపిస్తోంది' అని రాశారు.

మొన్న ఆరో కమిషన్‌కు నేనే తీసుకెళ్లాను. ఛైర్మన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ జీపులోవాళ్లు ఎంత వెతికినా దొరకడం లేదమ్మా" అన్నారు. పాపం, నాకే జాలేసింది!

బయటికొస్తే, మెట్ల దగ్గర ఒక ముసలాయన ఆయాసపడుతున్నాడు. పై అంతస్తు పెన్షన్ ఆఫీసట. రిటైరైనవాళ్లు ఏడాదికోసారి వచ్చి, బతికే ఉన్నామని సంతకం పెట్టి వెళ్లాలి. అత్తయ్య టక్కున ఆగిపోయింది. చీలిన కనుబొమ్మ! కమిషన్లన్నిటికీ చెప్పిన గుర్తే.

"జీపు నడిపింది నువ్వే కదూ? మా అబ్బాయిని ఎక్కడ పెట్టారయ్యా?"

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదమ్మా" అన్నాడు. ఆ తర్వాత చెప్పాడు. పాత ఇటుక బట్టీ వెనక, పంపుషెడ్డు గోడ పక్కన. రెండు నిమిషాలు పట్టలేదు.

అత్తయ్య ఆ గోడకు ఎంత దూరమని అడిగింది. మూడడుగులన్నాడు. అప్పుడు ఏడ్చింది, ముప్పై ఒక్కేళ్ల ఏడుపు.

నేను లోపలికి పరిగెత్తి గుమాస్తాకు చెప్పాను. ఆయన తలెత్తలేదు. "పెన్షనర్ల సంగతి పైనండీ, మాది కింద. అయినా మాకు ఇంకో రెండేళ్లు గడువు పెంచారుగా, కంగారెందుకు?"

మధ్యలో ఉన్నవి పద్నాలుగు మెట్లు. ఆ డ్రైవర్ బతికున్నాడో లేదో ఏటా పిలిచి మరీ కనుక్కున్న ప్రభుత్వం, మా బావ ఎక్కడున్నాడని అతన్ని ఒక్కసారీ అడగలేదు.