గాడిద పాక ఒక్కటే కనపడే కెమెరా

ఒక పెద్ద అడవిలో ఉమ్మడి తేనె కొట్టు ఒకటుండేది. అందులో తేనె రోజురోజుకీ తగ్గిపోయేది, తాగినవాళ్ళు మాత్రం ఒక్కరూ ఉండేవారు కారు. విసిగిపోయిన సింహం ఎత్తైన మద్దిచెట్టు మీద కెమెరా పెట్టించింది. అక్కడినుంచి అడవి మొత్తం కనపడుతుంది.

ఆ కబురు విని అందరికన్నా ఎక్కువ సంతోషించింది గాడిద గంగులు. కొట్టుకు కుండలు మోసేది అదే కనక, తేనె పోయినప్పుడల్లా ముందు దాని పాకనే సోదా చేసేవారు. ఇక ఆ అవమానం తప్పుతుందని దానికి ప్రాణం లేచొచ్చింది.

కెమెరా బిగించిన కోతి సభలో తెర ముందు కూర్చుంది. "రికార్డింగు రోజంతా పెట్టమంటారా, ఏదైనా కదిలినప్పుడే పెట్టమంటారా?"

"రోజంతా పెట్టు. మనకి దాచుకునేదేముంది?" అంది సింహం. సభ చప్పట్లు కొట్టింది.

"ఎవరి ఇల్లైనా కనపడకూడదంటే దానిమీద నల్ల గడి పెట్టొచ్చు. ఆ భాగం రికార్డు కాదు" అంది కోతి మాటవరసకి.

చప్పట్లు ఆగిపోయాయి.

"మా గుహ మీద ఒకటి పెట్టు, రాజమర్యాద కోసం" అంది సింహం. "మా ఆవిడకి సిగ్గెక్కువ" అని కార్యదర్శి నక్క తన బొరియ మీద పెట్టించుకుంది. కొట్టుకు కాపలా ఉండే ఎలుగు, "కొట్టు మీద కూడా పెట్టు నాయనా. లోపల తేనె కనపడితే దొంగలకి ఆశ పుడుతుంది" అంది. దాని ముందుచూపుని సభ మెచ్చుకుంది. నెమలి వచ్చింది, మొసలి వచ్చింది. ఏనుగుకి ఒక గడి చాలక మూడు పట్టాయి.

చివరికి తెరంతా నల్లబడి, మధ్యలో గంగులు పాక ఒక్కటే మిగిలింది.

"అందరికీ పెట్టారు కదా, నాకూ ఒకటి పెట్టండయ్యా" అంది గంగులు.

"ఎందుకు గంగులూ? ఏం దాస్తున్నావు?" అంది నక్క. గంగులు తల దించుకుని పాకకి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే నక్కా ఎలుగూ కలిసి కొట్టు ఖాళీ చేశాయి. మర్నాడు సభలో నక్క గొంతు సవరించుకుని, "రికార్డులో ఉన్నది గాడిద ఒక్కటే. కాబట్టి దొంగ గాడిదే" అని తేల్చేసింది.

రికార్డు వేశారు. గంగులు పడుకుంది. గంగులు రాటకేసి వీపు గోక్కుంది. మళ్ళీ పడుకుంది. సగం సభ కూడా పడుకుంది.

"ఇది పాక దాటలేదే" అంది సింహం. "మరి మీరంతా ఎక్కడున్నారు?"

"బొరియలోనే ఉన్నాను ప్రభూ" అంది నక్క.

"కనపడలేదే?"

"పోనీ గడులు తీసేస్తే?" అంది కోతి. సభ అంతా దాన్ని ఉరిమి చూసింది. ఆ రోజు గంగులు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తల ఎత్తుకుని ఇంటికెళ్ళింది.

తెల్లారేసరికి నక్క పాక గుమ్మంలో ఉంది. "గంగులన్నా, కాసేపు కూర్చుని పోతాను." వెనకే ఎలుగు, నెమలి, మొసలి. ఏనుగు పట్టక తల మాత్రం దూర్చింది. అందరూ కెమెరా వైపు తిరిగి బుద్ధిగా చేతులు కట్టుకున్నారు. సింహం మాత్రం రాలేదు. రాజుకి రుజువుతో పనేముంది?

"కాస్త బయట నిలబడన్నా, ఇరుగ్గా ఉంది. నీ నిజాయితీ అందరికీ తెలిసిందేగా" అంది నక్క. గంగులు మొహమాటపడి పాక వెనక్కి, నల్ల గడిలోకి వెళ్ళి నిలబడింది.

కొత్తగా నింపిన తేనె సాయంత్రానికి మళ్ళీ మాయమైంది. రికార్డు వేశారు. పాకలో అడవంతా ఉంది, గంగులు తప్ప.

"నా పాకే కదయ్యా అది! చోటు లేదంటే బయట నిలబడ్డాను" అని గంగులు గొంతు పోయేలా ఓండ్రపెట్టింది.

"కెమెరా అబద్ధం చెప్పదు" అంది సింహం, మీసాలకంటిన తేనె నాక్కుంటూ. గంగుల్ని అడవినుంచి వెళ్ళగొట్టారు. పాకని మాత్రం ఉంచుకున్నారు.

నీతి: తప్పు చేయకుండా ఎవరైనా ఉండగలరు, కనపడే చోట చేయకుండా ఉన్నవాడే నిర్దోషి.