నలభై ఒకటో పేజీ దగ్గర

చరిత్రను కాపాడాలంటే దాన్ని ఎవరూ చదవకుండా చూసుకోవాలి. ఈ మాట అన్నందుకు నా మీద కోపం తెచ్చుకోకండి. మా సముద్రతీర మ్యూజియానికి ఒక్కసారి వెళ్లి వస్తే మీరూ ఒప్పుకుంటారు.

మునుపు అక్కడ అన్నీ బల్లల మీద ఉండేవి. పిల్లలు తెడ్డు పట్టుకుని ఊపేవారు, వల నెత్తిన కప్పుకునేవారు, శంఖం ఊదేవారు. ఎంత అనాగరికం! ఇప్పుడు ప్రతిదానికీ అద్దం, అద్దానికి తాళం, తాళానికి సీలు. నలభై ఏళ్లు సముద్రంలో నానిన పడవ ముందు ‘తడి చేతులతో తాకరాదు’ అన్న బోర్డు పెట్టారు. లంగరు ఎటైనా కొట్టుకుపోతుందేమోనని గొలుసుతో స్తంభానికి కట్టారు. ఇంతకంటే జాగ్రత్త ఎవరు తీసుకుంటారు?

తాళాలు వేసిన రోజు పని ఎంత చురుగ్గా సాగిందంటే, కాపలాదారు భోజనం క్యారేజీ కూడా లోపలికి వెళ్లిపోయింది. అతను చేతులు కడుక్కుని వచ్చేసరికి దాని పక్కన లేబుల్ వెలిసింది: ‘జాలరుల ఆహార పాత్ర. సుమారు నూట యాభై ఏళ్ల నాటిది.’ అది తనదని అర్జీ పెట్టుకున్నాడు. ఆధారం చూపమన్నారు. ఆధారం క్యారేజీ అడుగున చెక్కించిన అతని పేరే. అడుగు చూడాలంటే అద్దం తెరవాలి. అద్దం తెరవాలంటే ఆధారం చూపాలి.

“మా ఆవిడ రోజూ అడుగుతోంది మాస్టారూ, క్యారేజీ ఏదీ అని. చరిత్రలో కలిసిపోయిందని చెప్పాను. నమ్మట్లేదు,” అన్నాడు నాతో.

అతన్ని నేనెందుకు ఓదార్చానంటే, పక్క గదిలో నాదీ ఒక వస్తువు ఉంది. నాది అనడం సరికాదు. నా భార్యది.

సముద్రం ఏటా కొంత చొప్పున తినేస్తున్న వీధుల్లో తిరిగి, అక్కడివాళ్లు చెప్పిందంతా ఆమె ఒక నోటు పుస్తకంలో రాసింది. ఎవరి ఇల్లు ఎక్కడ ఉండేది, నీళ్లు ఏ గడప దాకా వచ్చాయి, ఎవరు కదలనని భీష్మించారు. పదకొండేళ్లు ఆ పుస్తకం మా భోజనాల బల్ల మీదే ఉంది. పూర్తయ్యాక చదువుతాను అనేవాణ్ణి. నాకు దిద్దవలసిన జవాబు పత్రాలు ఉండేవి. కిందటేడు ఆమె పోయాక మ్యూజియం వాళ్లు వచ్చి అడిగారు. నలుగురూ చదువుతారు కదా అని ఇచ్చేశాను.

వాళ్లు దాన్ని నలభై, నలభై ఒకటి పేజీల దగ్గర తెరిచి, అద్దం మూసి, సీలు వేశారు. నలభై ఒకటో పేజీ ఇలా ముగుస్తుంది: ‘అల గడప దాటి లోపలికి వచ్చేసింది. ముసలమ్మ మంచం దిగకుండానే దాన్ని చూసి’.

చూసి ఏమంది? అడుగుదామంటే ఇప్పుడు ఆ వీధీ లేదు, ఆ ముసలమ్మా లేదు. అయితే ఇందులో ఎంత సౌకర్యం ఉందో గమనించండి! పుస్తకమంతా చదివినవాడికి దొరికేది ఒక్క జవాబు. ప్రతి ఆదివారం వెళ్లే నా దగ్గర నలభైకి పైగా ఉన్నాయి. ఒక వారం ‘కాళ్లు తుడుచుకుని రా’ అనిపించాను. ఇంకో వారం ‘ఇంట్లో మగవాళ్లు లేరు, సాయంత్రం రా’ అనిపించాను. ఏదీ మా ఆవిడ రాసే వాక్యంలా లేదు.

పేజీ తిప్పమని నేనూ అర్జీ పెట్టాను. అధికారిణి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయే. కుర్చీ వేసి మర్యాదగా వివరించింది. ఎవరూ చూడటం లేదని తేలితేనే పేజీ మార్చాలట. సందర్శకుల రిజిస్టర్ తెరిచి చూపించింది. ఆ గదికి ఏడాదిగా ఆదివారం ఆదివారం ఒకటే సంతకం.

“ఈ పేజీ కోసం రెగ్యులర్‌గా వచ్చేవారు ఒకరున్నారు సార్. తిప్పేస్తే ఆయన నొచ్చుకుంటారు.”

“ఆయన నేనేనమ్మా.”

“తెలుసు సార్. అందుకే తిప్పట్లేదు.”

కాపలాదారు నన్ను పక్కకు పిలిచి ఉపాయం చెప్పాడు. నాలుగు వారాలు నేను రావడం మానేస్తే చాలు, ఎవరూ చూడటం లేదని రాసుకుని పేజీ తిప్పేస్తారట. సులువైన పనే. మొదటి ఆదివారం పదకొండింటి దాకా ఇంట్లోనే ఉన్నాను. బీరువా సర్దాను. సర్దిందే మళ్లీ సర్దాను. పదకొండున్నరకు మ్యూజియంలో ఆ పుస్తకం అద్దం ముందు నిలబడి ఉన్నాను. దీర్ఘాలు పక్క అక్షరం మీదికి వాలిపోయేలా రాస్తుంది మా ఆవిడ.

నన్ను చూసి కాపలాదారు తల పట్టుకున్నాడు. రెండో దారి చెప్పాడు. పేజీ ఏమీ బాగాలేదని ఫిర్యాదుల పుస్తకంలో ఒక్క సందర్శకుడు రాసినా, మర్నాడే మార్చి తీరాలని ఇంకో నియమం ఉందట. పుస్తకం అక్కడే ఉంది. దారంతో కట్టిన పెన్ను కూడా ఉంది. చేతిలోకి తీసుకున్నాను.

ముప్ఫై ఏళ్లుగా పిల్లల రాతల కింద ‘బాగాలేదు’ అని రాస్తున్నవాణ్ణి. ఎన్ని వేలసార్లు రాశానో!

పాఠకులారా, మీలో ఎవరైనా అటువైపు వెళ్తే ఆ గదిలోకి ఒకసారి వెళ్లండి. నలభై ఒకటో పేజీ ఏమీ బాగాలేదని ఒక్క ముక్క రాసి రండి. నావల్ల కాలేదు.