ఉత్తమ మౌనానికి షీల్డు

బందరులో మౌన మహాసభ జరుగుతుందని మంత్రి దైవాధీనం గారు ఆటోలకు మైకులు కట్టించి ఊరూరా చాటించారు. ఆ మైకులు నావే కాబట్టి ఆయన గొప్పతనాన్ని దగ్గర్నుంచి చూసే భాగ్యం నాకు దక్కింది.

యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో నీళ్ల ట్యాంకుకు మూత లేదు. కాకులు అందులో స్నానానికి దిగేవి, కొన్ని మళ్లీ పైకి వచ్చేవి కావు. ఆ నీళ్లు తాగి సగం హాస్టలు పచ్చకామెర్లతో మంచం పట్టింది. బంటుమిల్లి నుంచి వచ్చిన తేజస్విని చనిపోయింది. సముద్రం మీద వేటకెళ్లే ఇంట్లో మొదటగా ఎమ్మేలో చేరిన పిల్ల. నాకు బాధేసింది. మంత్రిగారికి నాకన్నా ఎక్కువ బాధేసింది, ఎలక్షన్లు దగ్గర్లో ఉన్నాయి మరి.

విద్యార్థిలోకానికి అండగా ఆయన రెండు నిమిషాల మౌనం ప్రకటించారు. ఉత్త మౌనంతో పిల్లలకు ఓదార్పు చాలదని మండలాల మధ్య పోటీ పెట్టారు. గెలిచినవారికి బండిచక్రమంత ఇత్తడి షీల్డు. నందివాడ జనం మౌనం పాటించడానికి లారీల్లో ఈలలు వేసుకుంటూ వచ్చారు. చల్లపల్లి వాళ్లు డప్పులు తెచ్చుకున్నారు. మౌనం చివరి వరసకూ వినబడాలని మంత్రిగారు నా చేత అదనపు హారన్లు పెట్టించారు.

మౌనం మొదలైన కాసేపటికే నందివాడ వాళ్లు ‘మౌనం వర్ధిల్లాలి’ అని నినాదమిచ్చి పోటీలోంచి పోయారు. చల్లపల్లి లీడరు జేబులో సెల్‌ఫోను మోగింది, ఆయన ఎత్తి, మౌనంలో ఉన్నానని చెప్పాడు.

అప్పుడు తేజస్విని రూమ్మేటు దివ్యశ్రీ స్టేజీ ఎక్కింది. మిగతా టైములో మైకు తనదాకా రాదని ఆ అమ్మాయికి తెలుసు. నేను మైకు ఆపెయ్యాలి. వైరు వెతుకుతున్నట్టు కిందికి వంగాను.

“ట్యాంకుకి మూత వేయించండి సార్. మేం ఇంకా ఆ నీళ్లే తాగుతున్నాం.”

మంత్రిగారు తడికళ్లతో రిజిస్ట్రారు గోవర్ధనరావు గారి వైపు తిరిగి, ఈ సంగతి మీకు తెలుసా అని అడిగారు. ఆయన పలకలేదు. స్టేజీ మీది ఫ్యాను వంక చూశారు. నెలరోజులుగా ఎప్పుడడిగినా ఇలాగే ఫ్యాను వంక చూస్తున్నారని దివ్యశ్రీ చెప్పింది.

మంత్రిగారు లేచి రిజిస్ట్రారు గారిని కావలించుకున్నారు.

“నెల్లాళ్లాండీ? మా పార్టీలో ఇంత నిగ్రహం ఒక్కడికీ లేదండీ.”

షీల్డు ఆయనకే ఇచ్చారు. జనం చప్పట్లతో మౌనం ముగిసింది.

మర్నాడు షీల్డు మాయమైంది. గోవర్ధనరావు గారు నోరు తెరిచి పోలీసు కంప్లైంటు ఇచ్చారు. జీపు నిండా పోలీసులు వచ్చి హాస్టలంతా గాలించారు. సాయంత్రానికి అది ట్యాంకు మీద దొరికింది, బోర్లించి, పైన ఇటుకలు పెట్టి ఉంది. కొలిచి చేయించినట్టు సరిపోయింది. కింద ఆడపిల్లలు కడిగిన ట్యాంకు నీళ్లు గ్లాసుల్లో పట్టుకుని, పెళ్లిలో పానకంలా ఒకరికొకరు అందించుకుంటున్నారు. ఎస్సై గారికీ ఒక గ్లాసిచ్చారు, బాగున్నాయన్నారు.

కానీ మంత్రిగారు ఫోన్లోనే మండిపడ్డారు. ప్రభుత్వమిచ్చిన గౌరవాన్ని ట్యాంకెక్కించడమేమిటన్నారు. షీల్డును ఊడదీసి, నా మైకులతో ఊరేగించి, రిజిస్ట్రారు గారి గదికి చేర్చాం. దాని మీద దుమ్ము పడకూడదని ఆ పూటే యూనివర్సిటీ ఖర్చుతో దానికి గాజుమూత చేయించి బిగించారు.

దివ్యశ్రీ వచ్చి ఆ మూత మీద వేలితో తట్టింది.

“ఇది ఎవర్నడిగితే చేశారు సార్?”

గోవర్ధనరావు గారు ఫ్యాను వంక చూశారు.