పెరుందేవికి మందు తగ్గించిన రోజు

పెరుందేవికి అన్నిటికంటే ఎక్కువ భయం దేనికంటే, తనకు భయం పుడుతుందేమోనని. పాముకు భయపడేవాళ్ళు పాము లేనిచోట హాయిగా కూర్చుంటారు. ఆమెకు ఆ సుఖం కూడా లేదు. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, గొంతు బిగుసుకుంటుంది, ఈ క్షణంలోనే ప్రాణం పోతుందనిపిస్తుంది. పోదు. కాసేపటికి అంతా సర్దుకుంటుంది. కానీ అది వచ్చినప్పుడు చంకలో పిల్ల ఉంటే? చేతుల్లోంచి జారిపోతే?

ఈ ప్రశ్న అత్త వరదమ్మ కూడా వేసింది. జవాబూ ఆవిడే చెప్పింది. "నీకు నయమయ్యేదాకా బిడ్డను పలమనేరులో మా శకుంతల కాడ పెడదాం." శకుంతల అంటే పెరుందేవి ఆడబిడ్డ. ఇంట్లో పాడి ఉంది, ఊరు చల్లన, పైగా ఇద్దరూ మగపిల్లలే కాబట్టి ఆడపిల్ల మీద ఆశ కూడా ఉంది. డాక్టరు దామోదరం గారు మాత్రం, "బిడ్డ తల్లి దగ్గరే ఉండాలి" అన్నారు. అందువల్ల పాప రంగనాయకి ప్రస్తుతానికి చిత్తూరులోనే ఉంది. ఆ "ప్రస్తుతానికి" అన్నమాటే పెరుందేవిని కాల్చుకు తినేది.

డాక్టరు గారు మొదట పసుపు మాత్ర ఇచ్చారు. తర్వాత దానికి తోడు తెల్ల మాత్ర కలిపారు. తెల్లది నిదానంగా పనిచేస్తుందట, అది కుదురుకునేదాకా పసుపుది పక్కన ఉండాలట. ఇప్పుడు కుదురుకుంది. దడ వచ్చి చాలా రోజులైంది. కాబట్టి పసుపు మాత్రను కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోవాలి. "నేను చెప్పినట్టే తగ్గించాలమ్మా. బాగుంది కదా అని మీ అంతట మీరు ఆపితే ఒప్పుకోను" అని మరీ మరీ చెప్పారు.

ఆ ఉదయం పెరుందేవి అనుకున్నది చాలా చిన్న పని. సగం మాత్ర వేసుకోవాలి, పిల్లకు తలంటాలి, ఏమీ జరగనట్టు పొద్దు గడపాలి. మాత్రను సగం చేసే బాధ్యత భర్త సారంగపాణి తీసుకున్నాడు. ఆయన హైస్కూల్లో లెక్కల అయ్యవారు. సగాలు, పావులు పిల్లలకు నూరిపోసే మనిషి, గడ్డం గీసుకునే బ్లేడుతో మొదటి మాత్రను పిండి చేశాడు. రెండో మాత్రలో సగం ఎగిరి ఎక్కడో పడింది. మిగిలిన సగం పెరుందేవి గబుక్కున నోట్లో వేసుకుంది.

ఆయన బడికి బయలుదేరుతూ, వసారాలో పూలు కడుతున్న తల్లి దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "అమ్మా, డాక్టరు ఆమెకి మందు సగం చేసినాడు. ఇంక మెల్లగా నిలిపేస్తాడంట. ఆమె కాడ ఆ మాట ఎత్తొద్దు. ఎట్లుండాది, ఎట్లుండాది అని అడగొద్దు. మామూలుగా ఉండు."

సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు. వరదమ్మ చేతిలో పూలు అక్కడే ఆగిపోయాయి.

ఆమె భర్త కడసారి మంచం పట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో ఒక డాక్టరు ఈ మాటలే అన్నాడు. మందు ఇంక నిలిపేద్దాం, ఆయనకు చెప్పొద్దు, మామూలుగా ఉండండి. వరదమ్మ లెక్క వేసుకుంది. ఒక మందు ఇచ్చినారు, పని చేయలేదు. రెండోది కలిపినారు, అదీ పని చేయలేదు. ఇప్పుడు ఉన్నది కూడా తగ్గిస్తున్నారు. అంటే డాక్టరు చేతులెత్తేశాడు.

లోపలికి వెళ్ళేసరికి పెరుందేవి నడవ ఊడుస్తోంది.

"చీపురు ఈడ పెట్టు తల్లీ. నువ్వు కూర్చో."

పెళ్ళయినప్పటి నుంచి అత్త నోట "ఏమ్మే" తప్ప "తల్లీ" అన్న పిలుపు వినలేదు పెరుందేవి. ఆ ఒక్క మాటకే గుండె ఒకసారి తడబడింది.

"ఏం తినాలని ఉండాది నీకు?"

"ఇప్పుడే కదత్తా తింటిని."

"అట్లనొద్దు. మనసులో ఏముండాదో చెప్పు. దాచుకోవద్దు."

వదిలేలా లేదని, "అయితే, పులిసిన దోసెపిండి ఉండాది కదా, గుంటల పెనం మీద పులిబొంగరాలు చేద్దామత్తా" అంది పెరుందేవి.

వరదమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగెత్తింది. అక్కడ పాలుపోసే చెంగయ్య కనిపించాడు.

"ఏమ్మా, ఏడస్తా ఉండావు?"

"కోడలికి మందు నిలిపేస్తాండారు చెంగయ్యా. పులిబొంగరాలు అడిగిందిరా! మా ఇంటాయన కూడా కడాన అవే అడిగినాడు. నువ్వు బస్టాండుకే పోతావు కదా, పలమనేరు బస్సు కండక్టరుకు చెప్పి మా శకుంతలకు మాట చేరేయి. బిడ్డను సూసుకోను రమ్మను. ఇంకెవురికీ చెప్పొద్దు."

"నేనెందుకు చెప్తానమ్మా!" అన్నాడు చెంగయ్య. అని, వీధి పొడుగునా ప్రతి గడప దగ్గరా పాలు పోసి, ఎవరికీ చెప్పొద్దని చెప్పి మరీ వెళ్ళాడు.

మొదట పక్కింటి మునెమ్మ వచ్చింది. ఏడాది కిందట తీసుకుపోయిన ఇత్తడి గుండు చెంబు తళతళా తోమి తెచ్చింది. "మనసులో ఏం పెట్టుకోవద్దు పాపా" అని పెరుందేవి చేతిలో పెట్టి కళ్ళు ఒత్తుకుంది. తర్వాత, కొళాయి దగ్గర వంతు కోసం రోజూ జుట్టు పట్టుకునేంత పని చేసే మూలింటి ఆదిలక్ష్మి వచ్చింది. "రేపట్నుంచి నీ బిందెనే ముందు పెట్టుకో అక్కా" అంటూ మొదలుపెట్టి, రేపు అన్న మాట తన నోట ఎలా వచ్చిందా అని నాలుక కరుచుకుని బయటికి పోయింది.

జనం పెరిగారు. నడవ నిండింది, వసారా నిండింది. అందరూ పాపను ఒకరి ఒడిలోంచి ఇంకొకరి ఒడిలోకి మార్చుకుంటూ, "పాలు మానని బిడ్డ, పాపం" అంటున్నారు. పెరుందేవి వస్తే మాటలు ఆగిపోతున్నాయి. ఆమె పిల్ల నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. ఆయనకేమైనా అయ్యిందా? సైకిలు, లారీ, రోడ్డు అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఎవరినడిగినా, "ఏం లేదమ్మా, ఊరికే సూసిపోదామని" అన్నారు. ఊరికే చూసిపోను ఇంతమంది ఎందుకు వస్తారు?

అప్పుడు ఎదురింటి యతిరాజులు తాత వచ్చాడు. పన్నెండు నామాలు దిద్దుకుని, చిన్న గిన్నెలో తులసి తీర్థం పట్టుకుని, ఉద్ధరిణితో ఆమె నోటి దాకా తెచ్చాడు.

"నోరు తెరువమ్మా. నారాయణా అను."

తులసి తీర్థం అలా పోసేది ఎప్పుడో పెరుందేవికి తెలుసు. అయితే భర్తకు కాదు, పిల్లకు కాదు. పోయేది తనే! అందరికీ తెలిసింది, తనకొక్కదానికే చెప్పలేదు. వేళ్ళు జివ్వుమన్నాయి. గొంతు బిగుసుకోసాగింది. మాత్రల సీసా గూట్లోనే ఉంది. ఇంకో మాత్ర వేసుకుంటే అయిపోయె. కానీ మొదటి రోజే వేసుకుంటే తగ్గించడం అక్కడితో సరి, పాప పలమనేరుకు పోవడం ఖాయం. ఆమె గూటికేసి చూడకుండా గోడకేసి చూస్తూ నిలబడింది.

సరిగ్గా అప్పుడే వీధి చివర శోకం వినిపించింది. "నా తమ్ముని సంసారం బుగ్గి అయిపాయనే!" శకుంతల బస్సు దిగి వచ్చేసింది. కండక్టరు ఆమెతో ఏం చెప్పాడో దేవుడికే తెలియాలి. గడపలోకి వచ్చి, నిలబడి ఉన్న పెరుందేవిని చూసి ఒక క్షణం కంగుతిని, మళ్ళీ ఏడుపు అందుకుంది. ఎవరి ఒడిలోంచో పాపను లాక్కుని గుండెకు హత్తుకుంది.

"నువ్వు దిగులు పడొద్దు దేవీ. దీన్ని నేను సాకుతా. నా కడుపున పుట్టినట్టు సాకుతా."

పెరుందేవి గిరుక్కున తిరిగి వరదమ్మ భుజాలు పట్టుకుంది. "నాకేమైంది అత్తా? చెప్పండి! ఏమైందో చెప్పండి!"

"డాక్టరు చేతులెత్తేసినాడే తల్లీ! మందు నిలిపేస్తా ఉండాడే!" అని వరదమ్మ బావురుమంది. అంతలోనే ఏడుపు ఆగిపోయింది. గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో... నా గుండె... వేళ్ళు సూడండే, నావి కావన్నట్టుండాయి... గొంతు పట్టేస్తాంది... శకుంతలా, నేనూ పోతాండానే!" అని చాప మీద కూలబడింది.

ఇల్లంతా గోల. "ఇనప తాళాలు తెండి!" "ఉల్లిగడ్డ వాసన సూపండి!" "సోడా! సోడా!" యతిరాజులు తాత తీర్థం గిన్నెతో ఇటు తిరిగాడు.

పెరుందేవి మాత్రం కదలకుండా చూసింది. ఆ చూపులు, ఆ వేళ్ళు, ఆ ఎగశ్వాస అన్నీ తనవే. ఇన్నాళ్ళూ లోపలి నుంచి చూసిందే గానీ, బయటి నుంచి ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు.

"జరగండి అందరూ. గాలి రానీండి. తాతా, ఆ గిన్నె కింద పెట్టండి. ఎవరైనా పోయి దామోదరం డాక్టరును పిలుచుకు రండి, పెద్దావిడ, ఆయన చూడాల." అని అత్త పక్కన చతికిలబడి ఆమె చెయ్యి పట్టుకుంది. "అత్తా, నన్ను చూడండి. ఊపిరి నిదానంగా వదలండి. ఇంకా నిదానంగా."

"చచ్చిపోతాననిపిస్తాందే!"

"అనిపిస్తాది. ఎన్నిసార్లు చచ్చినానో, నాకు తెలీదా? ఊపిరి వదలండి."

డాక్టరు కోసం ఎవరూ పోవలసిన అవసరం లేకపోయింది. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన సారంగపాణి, ఇంటిముందు అన్ని చెప్పులు చూసి, ఎవరో భుజం తట్టి "ధైర్యంగా ఉండు అయ్యవారా" అనగానే లోపలికి కూడా రాకుండా సైకిలు తిప్పేశాడు. దామోదరం గారిని వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు. భార్య బతికే ఉండటం, తల్లి పడుకుని ఉండటం చూసి, ఏడవాలో నవ్వాలో తెలియక గడప మీదే కూర్చున్నాడు.

డాక్టరు గారు వరదమ్మ గుండె, నాడి, రక్తపోటు అన్నీ చూశారు. "గుండెకేం లేదమ్మా. ఇది భయం. అయినా రేపొకసారి ఆసుపత్రికి రండి, మళ్ళీ చూస్తాను." తర్వాత కథంతా విని తల పట్టుకున్నారు. "మందు తగ్గించినామంటే నయమైతా ఉందని అర్థం!"

"ఆ మాట నోరు తెరిచి చెప్పకూడదా?" అని వరదమ్మ కొడుకు మీద విరుచుకుపడింది. "ఎత్తొద్దంటివే గానీ ఎందుకెత్తొద్దో చెప్పితివా?" మళ్ళీ డాక్టరు వైపు తిరిగింది. "నాకు మాత్ర రాయవా నాయనా?"

"మీకు అక్కర్లేదు."

"కోడలికి రెండు రకాలు ఇచ్చినావు, నాకు సగం కూడా లేదా? అయితే దాన్లోదే ఒకటి..."

పెరుందేవి లేచి, సీసాను గూట్లోంచి తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఒకరి మాత్ర ఒకరు వేసుకోకూడదత్తా."

"నీకెట్లుందమ్మా?" అన్నారు డాక్టరు గారు.

"దడ వచ్చింది సార్. అత్తను చూసుకోవడంలో ఎప్పుడు పోయిందో చూసుకోలేదు."

శకుంతల పాపను ఎత్తుకుని మధ్యలో నిలబడే ఉంది. "అయితే అమ్మా, బిడ్డ?"

"బిడ్డ యాడికి పోతాది? తల్లి ఈడుండాది, బిడ్డా ఈడనే ఉంటాది" అంది వరదమ్మ, కోడలి చెయ్యి ఇంకా వదలకుండా. "నాకు మళ్ళా ఇట్లయితే నన్నెవురు సూస్తారు? నువ్వా పలమనేరు నుంచి వస్తావు?"

శకుంతల పాపను తెచ్చి పెరుందేవికి ఇచ్చింది. పెరుందేవి రెండు చేతులా అందుకుంది. చేతులు వణకలేదు. వణుకుతాయేమోనని కాసేపు చూసుకుంది కూడా.

చూడవచ్చినవాళ్ళలో ఎవరూ వెంటనే కదల్లేదు, పులిబొంగరాల మాట అందరి చెవినా పడి ఉంది మరి. శకుంతల పొయ్యి దగ్గర కూర్చుని పొద్దు వాలేదాకా వేస్తూనే ఉంది. మునెమ్మ పోతూ పోతూ గుండు చెంబు మళ్ళీ తీసుకుపోయింది. ఆదిలక్ష్మి మర్నాడు తన బిందెనే ముందు పెట్టుకుంది. పెరుందేవికి పసుపు మాత్ర డాక్టరు చెప్పిన లెక్కన ఇంకొంచెం తగ్గింది. ఈసారి సారంగపాణి ఆ సంగతి తల్లికి వివరంగా, రెండుసార్లు చెప్పాడు.

మీ వీధిలో కూడా ఎవరికో ఒకరికి డాక్టరు ఇలాగే మందు తగ్గిస్తూ ఉంటాడు, పని కల్పించుకునైనా వెళ్ళి ఎలా ఉన్నారో ఒకసారి చూసి రండి. ఒక్కరే వెళ్ళండి.